పెట్రోలు చేలో పండుతుందంటే ముందు లెక్క చూసుకోండి

పాల కేంద్రం కాడ, రచ్చబండ మీద ఈ మధ్య మళ్లీ ఒక మాట వినిపిస్తోంది. "బీడు ఉంటే చెప్పండి, గడ్డి వేద్దాం, గ్యాసు తీస్తారంట" అని ఒకరు. "మొక్కజొన్న వెయ్యి, పెట్రోల్లో కలపడానికి పోతాది" అని ఇంకొకరు. ఇరవై ఏళ్ల కిందట ఇవే ఊళ్లల్లో "అడవాముదం నాటండి, అది డీజిలు చెట్టు" అన్నారు. ఆ మొక్కలు ఏమైనాయో నడివయసు దాటిన రైతులకు వేరే చెప్పనక్కరలేదు.

అట్లాగని ఈ మాటల్ని మొత్తంగా కొట్టిపారేయడానికీ లేదు. ఈ రోజు తిరుపతిలో మీ మోపెడ్‌కు కొట్టించే పెట్రోల్లో అయిదో వంతు దాకా ఇథనాలే. అంటే చెరుకు నుంచో, మొక్కజొన్న నుంచో, బియ్యం నూకల నుంచో వచ్చిన సరుకే. కాబట్టి బండ్లకు పంట నుంచి ఇంధనం ఎట్లా తీస్తారు, అందులో పాత చిత్తూరు జిల్లా చిన్న రైతుకు పనికొచ్చేది ఏది, మునిగిపోయేది ఏది అన్నది ఈ వారం తెలుసుకుందాం. లెక్కలు కొంచెం ఎక్కువే ఉన్నాయి. కాగితం, పెన్సిలు పక్కన పెట్టుకుని చదివితే మంచిది.

శనక్కాయ నూనెతో నడిచిన ఇంజను

డీజిలు అన్నది ఒక మనిషి పేరు. ఆ ఇంజన్ను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ పేరే మనం పోసే నూనెకు వచ్చింది. 1900లో పారిస్ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒట్టో అనే కంపెనీ ఈ రకం చిన్న ఇంజన్ను శనక్కాయ నూనెతో నడిపి చూపించింది. ఇంజను ఏ మొరాయింపూ లేకుండా తిరిగింది. లోపల ఉన్నది గానుగ నూనె అని అక్కడున్న చాలామందికి తెలియనే లేదంట.

మరి మనం శనక్కాయ పండించేవాళ్లమే గదా, ట్రాక్టరుకు ఎందుకు పోయకూడదు? మొదటి అడ్డం ధర. వంటకు వాడే నూనె ఏదైనా డీజిలు కంటే ఖరీదే. కూట్లోకి పోయే నూనెను పొగ చేయడం ఏ లెక్కకూ నిలవదు. రెండోది చిక్కదనం. గానుగాడిన నూనె డీజిలు కంటే సుమారు పది రెట్లు చిక్కగా ఉంటుంది. నెమ్మదిగా తిరిగే పాతకాలపు ఆయిలింజన్లు దాన్ని కొంతవరకు ఓర్చుకుంటాయి. ఇప్పటి ట్రాక్టర్లు, లారీలు ఓర్చుకోవు. ఇంజెక్టరు మొన మీద మసి గట్టిపడుతుంది, రింగులు పట్టేస్తాయి. మెకానిక్కుకు పెట్టే ఖర్చులో ఏడాది డీజిలు వస్తుంది.

అందుకే నూనెను పలచన చేయాలి. నూనెలో మిథనాలు అనే స్పిరిటు, కొద్దిగా కాస్టిక్ సోడా కలిపి 60 డిగ్రీల వేడి మీద తిప్పితే నూనె రెండుగా విడిపోతుంది. అడుక్కి గ్లిజరిన్ దిగుతుంది, పైన పలచటి నూనె తేలుతుంది. ఆ పైదే బయోడీజిలు. వంద కిలోల నూనెకు పది, పన్నెండు కిలోల మిథనాలు పడుతుంది. చెప్పుకోవడానికి సులువుగా ఉందని ఇంట్లో ఎవరూ ప్రయత్నం చేయవద్దు. మిథనాలు కడుపులోకి పోతే కళ్లు పోతాయి, ప్రాణమూ పోతుంది. దాని ఆవిరి నిప్పురవ్వకు భగ్గుమంటుంది.

అడవాముదం చెప్పే పాఠం

2003లో కేంద్ర ప్రణాళికా సంఘం వేసిన కమిటీ ఒక నివేదిక ఇచ్చింది. దేశంలోని బీళ్లలో, అడవి అంచుల్లో అడవాముదం, అంటే జట్రోఫా నాటితే 2011-12 కల్లా డీజిల్లో అయిదో వంతు దాని నుంచే వస్తుందని లెక్క వేశారు. కోటి హెక్టార్లకు పైగా నాటాలన్నారు. 2005 అక్టోబరులో బయోడీజిలు లీటరు 25 రూపాయలకు కొంటామని కేంద్రం కొనుగోలు విధానం కూడా ప్రకటించింది. మన రాష్ట్రంలో వర్షాభావ ప్రాంతాలకు ఈ పంటే గతి అన్నట్టు ప్రచారం సాగింది. నర్సరీలు వెలిశాయి. మొక్క అమ్మినవాళ్లకు ఆ ఏడే డబ్బు చేరింది.

నాటినవాళ్లకు జరిగింది వేరు. హెక్టారుకు అయిదు టన్నుల గింజ, అంటే ఎకరాకు రెండు టన్నులు అని కాగితాల మీద రాసుకున్నారు. నీళ్లు, ఎరువు లేని గరప మిట్టల్లో చాలాచోట్ల ఎకరాకు రెండు మూడు క్వింటాళ్లు దాటలేదు. మొక్క చావదు, ఆ మాట నిజమే. కానీ చావకపోవడం వేరు, కాపు కాయడం వేరు. నీళ్లు పెడితే కాస్తుంది. నీళ్లే ఉంటే అడవాముదం ఎందుకు వేస్తాం, టమోటానో చామంతో వేస్తాం గదా!

ఇంకొక బాధ ఉంది. కాయలన్నీ ఒకేసారి పండవు. కోతకు మనుషులు నాలుగైదు సార్లు చెట్ల మధ్య తిరగాలి. గింజ విషం. పల్లెల్లో పిల్లలు తెలియక తిని వాంతులతో ఆస్పత్రి పాలైన వార్తలు పేపర్లలో చాలాసార్లు వచ్చాయి. చెక్క పశువులకు పెట్టడానికి లేదు. కాకినాడ తీరంలో బయోడీజిలు ఫ్యాక్టరీలు వచ్చినా, వాటికి ముడిసరుకు ఎక్కువగా పామాయిలు శుద్ధిలో మిగిలే కొవ్వుల నుంచే అందింది గాని రాయలసీమ అడవాముదం నుంచి కాదు. విదేశాల్లోనూ ఇదే తంతు. బీపీ అనే పెద్ద చమురు కంపెనీ 2007లో జట్రోఫా సాగుకు భాగస్వామిగా చేరి, 2009లోనే చేతులు దులుపుకుంది. కంపెనీ రెండేళ్లలో వెళ్లిపోగలదు. అయిదేళ్ల చెట్టు వేసిన రైతు ఎక్కడికి వెళతాడు?

నాటకముందే కొనేవాడు ఎవరు, ఎంతకు, ఎన్నాళ్లు అన్నది తేలాలి. ఈ పంటకు అది తేలలేదు. చెట్టు తప్పు కొంతే, లెక్క తప్పు చాలా.

కానుగను మాత్రం వదులుకోవద్దు

కానుగ సంగతి వేరు. ఇది ఎవరో తెచ్చి అంటగట్టిన చెట్టు కాదు. వంక గట్ల మీద, బాయి కాడ, దోవ పక్కన మన తాతల నాటి నుంచి ఉన్నదే. వరి మడిలో కానుగాకు తొక్కడం మన పెద్దలకు అలవాటు. పశువులు పెద్దగా కొరకవు, కాబట్టి కంచె అవసరం తక్కువ. పప్పుజాతి చెట్టు కావడంతో నత్రజనిని తానే కొంత సమకూర్చుకుంటుంది.

కానుగ నూనెతో ఇంజను నడిపే పని మనకు దగ్గర్లోనే గట్టిగా జరిగింది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ప్రొఫెసరుగా చేసిన ఉడుపి శ్రీనివాస, కన్నడంలో హొంగె అని పిలిచే ఈ నూనెతోనే పల్లెల్లో జనరేటర్లు నడిపించారు. వాటితో బోర్ల మోటార్లు ఆడాయి. కర్ణాటకలోని హాసన్ దగ్గర బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం బయోఫ్యూయల్ పార్కు పెట్టి, పొలం గట్ల మీద ఇట్లాంటి చెట్లు పెంచడాన్ని రైతులకు నేర్పింది. మన తెలుగునేల మీద ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే గిరిజన పల్లె పేరు కూడా చెప్పుకోవాలి. అక్కడి మహిళా సంఘాలు కానుగ నూనె తీశాయి. డీజిలు బదులు ఆ నూనె వాడితే 147 టన్నుల బొగ్గుపులుసు గాలి తగ్గుతుందని లెక్కగట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు ఆ ఊరికి 645 డాలర్లు చెల్లించింది. ఆ సొమ్ము చిన్నదే. ఊరు నిలబడింది ఆ డాలర్ల మీద కాదు, గానుగ యంత్రం మీద, చెక్క మీద.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. రెండెకరాల రైతు చుట్టుగట్ల మీద 40 కానుగ చెట్లు ఉన్నాయనుకోండి. పదేళ్ల చెట్టుకు ఏటా పది కిలోల గింజ వేసుకుందాం. చెట్టుకు చెట్టుకూ తేడా చాలా ఉంటుంది, కొన్నిటికి అయిదు కిలోలు, కొన్నిటికి ముప్పై కూడా వస్తాయి. మొత్తం 400 కిలోలు. ఎక్స్‌పెల్లరులో ఆడిస్తే నాలుగు కిలోల గింజకు సుమారు కిలో నూనె. అంటే నూరు కిలోల నూనె, తరుగు పోను దాదాపు 280 కిలోల చెక్క.

ఆ నూనెను బయోడీజిలు ఫ్యాక్టరీ ఎంతకు కొంటుంది? బంకులో డీజిలు లీటరు నూరు రూపాయలకు దగ్గరలో ఉన్నా, అందులో పన్నులు పోతే మిగిలేది చాలా తక్కువ. ఫ్యాక్టరీ దాంతో పోటీ పడాలి, మిథనాలు కొనాలి, కూలి ఇవ్వాలి. గింజ కిలో 20 రూపాయలనుకున్నా నూనె కిలోకు గింజ ఖర్చే 80 అవుతుంది. చెక్క అమ్మకం తోడైతే తప్ప గిట్టదు. కాబట్టి ఎవరైనా "కానుగ గింజకు మంచి ధర ఇస్తాం" అంటే, ఆ ధర ఎట్లా గిట్టుతుందో అడగండి.

మరి రైతుకు లాభం ఎక్కడ? చెక్కలో. కానుగ చెక్కలో నూటికి నాలుగు పాళ్ల దాకా నత్రజని ఉంటుంది. 280 కిలోల చెక్క అంటే పదకొండు కిలోల నత్రజని, అర బస్తా యూరియాకు పైమాటే. యూరియా వేసిన పది రోజులకు కరిగిపోతుంది. చెక్క నెమ్మదిగా విడుదలవుతుంది, వేరు పురుగుల్ని కూడా కొంత అదుపులో పెడుతుంది. మామిడి తోపుకో, మల్లె తోటకో వేసుకుంటే బయట కొనే పని తగ్గుతుంది. నూనె నలుగురు రైతులు కలిసి సబ్బుల వాళ్లకో, పంటల మీద చల్లే మందుల వాళ్లకో అమ్మవచ్చు. బండ్ల ఇంధనం గిరాకీ వస్తే అది పైలాభం. రాకపోయినా మునిగిందేమీ లేదు.

ఒక హెచ్చరిక. కానుగను చేను నడుమ, పంట బదులు వేయవద్దు. గింజ మొక్క కాపుకు రావడానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. అంటుమొక్క అయితే మూడు, నాలుగేళ్లు. వంక గట్టు, పొలిమేర, బాయి చుట్టుపక్కల అయిదారు మీటర్ల ఎడంతో అడుగున్నర గుంతల్లో నాటుకోండి. శనక్కాయ చేను పక్కన అయితే నీడ, వేరు పోటీ ఉంటాయి. రెండేళ్లకొకసారి కొమ్మలు నరికి ఆకు మడికో, దిబ్బకో వేసుకోవాలి. పూత వచ్చి కాయ పండటానికి పది నెలల పైనే పడుతుంది. మాఘం తర్వాత కాయ రంగు మారి ఎండుతుంది. రాలిన కాయను తేమ లేకుండా ఆరబెట్టి నిలవ చేయాలి. తేమ తగిలిన గింజ నూనెలో పులుపు పెరుగుతుంది, అది బయోడీజిలు చేసేటప్పుడు సబ్బు అయిపోతుంది. ధర కొట్టేసేది అక్కడే.

పెట్రోల్లో కలిసే ఇథనాలు

ఇది ఇప్పుడు నిజంగా నడుస్తున్న వ్యాపారం. 2003లో కొన్ని రాష్ట్రాల్లో అయిదు శాతంతో మొదలైంది. చాలా ఏళ్లు నత్తనడక. 2018 జాతీయ జీవ ఇంధన విధానం తర్వాత ఊపందుకుని 2022 జూన్‌కు పది శాతానికి, 2025లో ఇరవై శాతానికి చేరింది. 2030 నాటికి అనుకున్న గురి అయిదేళ్లు ముందే వచ్చేసింది.

చెరుకు లెక్క ఇట్లా ఉంటుంది. టన్ను చెరుకు రసాన్ని నేరుగా పులియబెట్టి బట్టీ పెడితే సుమారు 70 లీటర్ల ఇథనాలు. చక్కెర పూర్తిగా తీసేశాక మిగిలిన మడ్డి నుంచి అయితే టన్నుకు పది, పదకొండు లీటర్లే. రసం ఇథనాలుకు చమురు కంపెనీలు లీటరుకు 65 రూపాయల 61 పైసలు ఇస్తున్నాయి. అంటే టన్ను చెరుకు నుంచి 4,590 రూపాయల సరుకు. 2025-26కు చెరుకు మద్దతు ధర టన్నుకు 3,550. నడుమ తేడా మిల్లు ఖర్చు, మిల్లు లాభం. ఇథనాలు డబ్బు చమురు కంపెనీల నుంచి చక్కెర కంటే తొందరగా వస్తుంది కాబట్టి రైతు బాకీలు తొందరగా తీరుతాయని ఉత్తరాదిన అనుభవం.

కానీ మనకు మిల్లు ఏదీ? గాజులమండ్యంలోని శ్రీ వేంకటేశ్వర సహకార చక్కెర మిల్లు, చిత్తూరు సహకార చక్కెర మిల్లు రెండూ మూతబడి పదేళ్లు దాటింది. చెరుకు వేసిన రైతు బెల్లం వండుకుంటున్నాడు. కాబట్టి "ఇథనాలు వచ్చింది, చెరుకు వేయండి" అన్న మాట మన దగ్గర ఇప్పటికి గాలిమాటే. మీకు వాహన దూరంలో బట్టీ ఉన్న మిల్లు ఉంటేనే ఆ లెక్క.

నీళ్ల లెక్క ఇంకా గట్టిది. చెరుకు నుంచి ఒక లీటరు ఇథనాలు రావాలంటే చేలో 2,860 లీటర్ల నీళ్లు పోవాలని 2021లో నీతి ఆయోగ్ తన నివేదికలోనే రాసింది. టన్ను చెరుకుకు రెండు లక్షల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకరు నలభై ట్రిప్పులు! వెయ్యి అడుగులు దించినా తడి తగలని బోర్లున్న మండలాల్లో ఈ ఒక్క లెక్కే చాలు. 2023లో వానలు తప్పినప్పుడు చక్కెర కరువొస్తుందని కేంద్రమే ఆ డిసెంబరులో రసం నుంచి ఇథనాలు తీయడానికి పగ్గాలు వేసింది, మరుసటి ఏడాది ఆగస్టులో వదిలింది. పై నుంచి వచ్చే ఆజ్ఞ ఒక రాత్రిలో మారుతుంది. నాటిన చెరుకు పన్నెండు నెలలు చేలోనే ఉంటుంది.

మొక్కజొన్న సంగతి. క్వింటాలుకు 38 లీటర్ల దాకా ఇథనాలు వస్తుంది. లీటరుకు 71 రూపాయల 86 పైసలు ధర పెట్టారు, అన్నిటికంటే ఎక్కువ. దాంతో 2023-24 నుంచి దేశంలో ఇథనాలుకు మొక్కజొన్నే పెద్ద ఆధారమైంది. దాణా ఖరీదు పెరిగిందని కోళ్ల ఫారాలవాళ్లు గగ్గోలు పెట్టారు. కోళ్లు పెంచే రైతు మన జిల్లాలో ఎక్కువే గదా, ఒక చేత్తో వచ్చింది ఇంకో చేత్తో పోయినట్టయింది. అయినా ధర నిలిచిందా అంటే లేదు. 2025 నవంబరులో పంట చేతికి వచ్చినప్పుడు క్వింటాలు 2,400 మద్దతు ధర కూడా అందడం లేదని కర్ణాటక రైతులు రోడ్డెక్కారు. ఫ్యాక్టరీలు ఉన్నంత మాత్రాన ధర ఉంటుందని నమ్మకూడదు.

బట్టీ పక్కన ఊరున్నవాళ్లు వ్యర్థ జలం గురించి కూడా అడగాలి. మడ్డి బట్టీల్లో లీటరు ఇథనాలుకు పది లీటర్లకు అటూ ఇటూ నల్లటి నీళ్లు వస్తాయి. శుద్ధి చేయకుండా వదిలితే వంకా, బోరూ రెండూ పాడే. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో జనం ఇథనాలు ఫ్యాక్టరీ వద్దని జాతీయ రహదారి దిగ్బంధం చేస్తే తెలంగాణ ప్రభుత్వం పనులు ఆపించింది.

పనిలో పని, మీ బండి విషయం. ఇథనాలుకు పెట్రోలు కంటే బలం తక్కువ. ఇరవై శాతం కలిపిన పెట్రోలుతో పాత మోటారు సైకిళ్ల మైలేజి నూటికి మూడు, నాలుగు తగ్గవచ్చని నీతి ఆయోగ్ లెక్క. ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది. వానలో బండి బయట పెడితే ట్యాంకు మూత సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. పాత రబ్బరు పైపులు, వాషర్లు పగుళ్లిస్తే మార్పించండి.

గడ్డీగాదం నుంచి పెట్రోలు

తిండిగింజ ముట్టకుండా వరిగడ్డి, వెదురు, కంకి బెండ్ల నుంచి ఇథనాలు తీసే పద్ధతిని రెండో తరం అంటున్నారు. 2022 ఆగస్టులో హర్యానాలోని పానిపట్టులో ఇండియన్ ఆయిల్ వరిగడ్డి ఫ్యాక్టరీ తెరిచింది. ఏడాదికి రెండు లక్షల టన్నుల గడ్డి నుంచి మూడు కోట్ల లీటర్లు తీయాలని దాని గురి. 2025 సెప్టెంబరులో అస్సాంలోని నుమాలిగఢ్‌లో వెదురుతో నడిచేది ప్రారంభించారు. అక్కడ గడ్డిని చేలోనే తగలబెడతారు, కాబట్టి వాళ్లకు అది లాభం. మనకు? ఇక్కడ వరిగడ్డి వామి వేసుకుంటే అది ఆవు మేత, పాల డబ్బు. శనక్కాయ కట్టె కూడా అంతే. గడ్డిని ఇంధనానికి అమ్మే రోజు మన జిల్లాకు రాకూడదనే కోరుకోవాలి.

మనకు మిగులుగా ఉన్నది వేరే. గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర తోతాపురి సీజన్లో కొండల్లా పడే తోలు, టెంక. పండులో మూడో వంతుకు పైగా ఇదే. టమోటా ధర పడినప్పుడు మార్కెట్ల కాడ పారబోసే కాయ. కూరగాయల మార్కెట్ల చెత్త. ఇవన్నీ గ్యాసుకు పనికొస్తాయి. తిరుమల కొండ మీద పోగయ్యే తడిచెత్తతో కూడా గ్యాసు తీసి ప్రసాదాల పోటులో వాడాలని దేవస్థానం, ఇండియన్ ఆయిల్ కలిసి పని తలపెట్టాయి. మామిడి సీజను రెండున్నర నెలలే కాబట్టి తక్కిన నెలల్లో ప్లాంటు నడవాలంటే పేడ కావాలి. అసలు కథ ఇక్కడే ఉంది.

పేడతో నడిచే బండి

గోబరు గ్యాసు మనకు కొత్త కాదు. తొట్టిలో పేడ, నీళ్లు సమంగా కలిపి గాలి తగలకుండా మూస్తే గ్యాసు పుడుతుంది. అందులో మండే మిథేను 55 నుంచి 60 పాళ్లు, తక్కినది ఎక్కువగా బొగ్గుపులుసు గాలి. ఆ పనికిరాని గాలిని తీసేసి, మిథేనును 90 పాళ్లకు పైగా చేసి, గట్టిగా ఒత్తి సిలిండర్లలో నింపితే అదే సీబీజీ. ఆటోలకు, బస్సులకు వాడే సీఎన్‌జీకి దీనికి ఇంజను తేడా చూపదు. 2018 అక్టోబరు 1న కేంద్రం 'సతత్' పథకం పెట్టి, దేశమంతా అయిదు వేల ప్లాంట్లు రావాలంది. అనుకున్నన్ని రాలేదు. 2025-26 నుంచి పట్టణ గ్యాసు కంపెనీలు తమ గ్యాసులో ఒక పాలు సీబీజీ కలపాలని, 2028-29కి అది అయిదు పాళ్లు కావాలని నియమం పెట్టారు. దాంతో కంపెనీలకు అవసరం పుట్టింది.

గుజరాత్‌లో బనాస్ పాల సంఘం డీసా దగ్గర దామా గ్రామంలో రోజుకు 40 టన్నుల పేడతో నడిచే ప్లాంటు పెట్టి, పక్కనే బంకు కూడా తెరిచింది. పేడకు రైతుకు కిలోకు రూపాయి ఇస్తారు. ఇరవై అయిదు కిలోల పచ్చి పేడకు ఒక ఘనమీటరు గ్యాసు వస్తుంది, దాని నుంచి నాలుగు వందల గ్రాముల సీబీజీ వస్తుంది అనుకుంటే టన్ను పేడకు పదహారు కిలోలు. ఒక ఆటో నాలుగైదు రోజులు తిరగడానికి సరిపోతుంది.

రూపాయి మాట విని సంబరపడే ముందు ఈ లెక్క చూడండి. టన్ను పేడకు వెయ్యి రూపాయలు. అందులో ఉన్న నత్రజని మూడు, నాలుగు కిలోలు. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు, దాంట్లో దాదాపు 21 కిలోల నత్రజని. అంటే టన్ను పేడలోని నత్రజనిని యూరియాలో కొంటే యాభై రూపాయల లోపే! ఈ లెక్క చూపించి "పేడ అమ్ముకో, యూరియా కొనుక్కో" అని చెప్పేవాళ్లు వస్తారు.

ఆ లెక్కలో లేనిది ఒకటుంది. మన ఎర్ర గరప నేలలో వాన కురిసిన నాలుగో రోజుకు తేమ ఉండదు. ఆ తేమను పట్టి ఉంచేది దిబ్బ ఎరువే, యూరియా కాదు. ఒక్క పదును తప్పితే శనక్కాయ ఊడలు నేలలో దిగవు. మీ ఊర్లో ట్రాక్టరు దిబ్బ ఎరువు ఎంత పలుకుతోందో మీకే తెలుసు. ఊరికే ఆ ధర పెట్టి ఎవరూ కొనరు.

అయితే పేడ ప్లాంటుకు పోతే నేలకు నష్టమేనా? అవసరం లేదు. గ్యాసుగా పోయేది కర్బనం, ఉదజని మాత్రమే. నత్రజని, భాస్వరం, పొటాష్ ద్రవంలో, మడ్డిలో అట్లాగే మిగులుతాయి. పైగా పులిసిన మడ్డిలో కలుపు విత్తనాలు చాలామటుకు చచ్చిపోతాయి. కాబట్టి అసలు ప్రశ్న రూపాయి కాదు. పేడ పోయాక ఆ మడ్డి ఎవరి చేలోకి వస్తుంది? కేంద్రం ఈ ఎరువు అమ్మకానికి టన్నుకు 1,500 రూపాయల సాయం ప్రకటించింది. అంటే కంపెనీ దాన్ని బస్తాల్లో కట్టి అమ్మడానికే చూస్తుంది. మన పేడ మనకే బస్తాలో తిరిగి అమ్ముతారు. ఒప్పందంలో "ఇన్ని టన్నుల పేడకు ఇంత మడ్డి ఉచితంగా, ఇంటి దగ్గరికి" అని రాయించుకోవాలి. రాయకపోతే పేడ ఇవ్వకండి.

ఇంకో అడ్డం రవాణా. 40 టన్నులకు మూడు వేల ఆవుల పైన కావాలి. రెండు, మూడు ఆవులున్న ఇళ్ల నుంచి పాలు పోగు చేసినట్టు పేడ పోగు చేస్తే డీజిలు ఖర్చే మింగేస్తుంది. పేడలో నూటికి ఎనభై పాళ్లు నీళ్లే గదా, నీళ్లు మోయడానికి ట్రాక్టరు తిరగాలి. పెద్ద గోశాలలు, పాతిక ముప్పై ఆవుల షెడ్లు పక్కపక్కన ఉన్న చోట గిట్టుతుంది. చెదురుమదురు పల్లెల్లో నాలుగైదు ఆవుల రైతు తన ఇంటికే రెండు ఘనమీటర్ల గోబరు గ్యాసు కట్టుకోవడం మేలు. రోజుకు 50 కిలోల పేడ చాలు. సిలిండరు ఖర్చు తగ్గుతుంది, మడ్డి చేలోకే పోతుంది.

గడ్డికి భూమి అడిగితే

2024 నవంబరులో రిలయన్స్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో 500 సీబీజీ ప్లాంట్లకు, 65 వేల కోట్ల పెట్టుబడికి ఒప్పందం చేసుకుంది. 2025 ఏప్రిల్ 2న ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలోని దివాకరపల్లిలో మొదటి దానికి శంకుస్థాపన జరిగింది. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి గ్యాసు తీయాలన్నది ఆలోచన. రైతుకు కౌలు వస్తుంది, ఊళ్లో పని వస్తుంది. బీడుకు కౌలు రావడం మంచిదే.

కానీ నేపియర్ తడి ఉంటేనే పెరుగుతుంది. ఎకరాకు నూట యాభై టన్నులని ఎవరైనా చెబితే అది నీళ్లు పారే భూమి మాట. వానాధారం మిట్టలో అందులో చిన్న భాగమే. నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు, కొత్త బోర్లు వేస్తారా, వేస్తే పక్క చేను బోరు సంగతేమిటి అని ముందే అడగండి. గడ్డి ఎక్కువ ధరకు ప్లాంటుకు పోతే పచ్చిమేత ధర పెరిగి పాడి రైతు ఇబ్బంది పడతాడు. ఆ గ్రామంలో పాడి ఎంత ఉందో పంచాయతీలో కూర్చుని లెక్క వేసుకోవాలి.

కౌలు ఒప్పందం తెలుగులో ఉండాలి. ఎన్నేళ్లు, ఏటా కౌలు ఏ నెలలో, ధర ఎన్నేళ్లకొకసారి పెరుగుతుంది, కంపెనీ మధ్యలో వదిలేస్తే గడ్డి దుబ్బులు తీసి భూమి చదును చేసి ఇచ్చేది ఎవరు, బోరు ఎవరి సొంతం అన్నవి అందులో రాసి ఉండాలి. పట్టాదారు పాసుపుస్తకం ఎవరికీ ఇవ్వవద్దు, నకలు చాలు. ఆ భూమి చూపించి కంపెనీ బ్యాంకులో అప్పు తేవడానికి వీల్లేదని రాయించండి. ఒక్కరే పోయి సంతకం చేయకుండా ఊళ్లో పదిమంది కలిసి, వీలైతే రైతు ఉత్పత్తిదారుల సంఘం పేరుతో మాట్లాడితే మాటకు బలం ఉంటుంది.

ఇంకొక సంగతి కూడా లెక్కలో పెట్టుకోవాలి. అలిపిరి నుంచి తిరుమల కొండెక్కే ఘాట్ రోడ్డులో 2022 సెప్టెంబరు నుంచి ఆర్టీసీ కరెంటు బస్సులు నడుస్తున్నాయి. అంత ఎత్తు ఎక్కే బస్సుకే డీజిలు అక్కరలేకపోతే, ఏడేళ్ల తర్వాత కాపుకొచ్చే చెట్టు నూనెకు గిరాకీ ఎంత ఉంటుందో ఎవరు చెప్పగలరు? మదనపల్లె టమోటా లారీ, పాల ట్యాంకరు ఇంకా చాలా ఏళ్లు డీజిలు మీదే పోతాయి. కాబట్టి గిరాకీ ఒక్కసారిగా పోదు. కానీ పదేళ్ల, పదిహేనేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టమన్నప్పుడు, ధర డీజిలు ధరతో ముడిపెట్టి ఉందా, లేక కనీస ధర వేరేగా రాసి ఉందా అన్నది చదివించుకుని చూడండి. కనీస ధర లేని కాగితాన్ని ఇంటికి తెచ్చుకోండి, సంతకం మాత్రం పెట్టకండి.